ఏపీ ప్లాన్, తడిసిన కూపన్లు

మా ఇంట్లో లెక్కల పుస్తకం నాది. హనుమకొండలో ఒక ఎరువుల షాపులో పదకొండేళ్లుగా అకౌంట్లు చూస్తున్నాను. ఆ అలవాటు కొద్దీ ఎక్కడికెళ్లినా పర్సులో ఒక చిన్న నోట్‌బుక్కు ఉంటుంది. మా ఆయనకు అది కనబడితే చిరాకు. "తిరగడానికొచ్చామా, ఆడిట్‌కొచ్చామా?" అంటారు. మొన్న క్రిస్మస్ సెలవుల్లో హైదరాబాద్ పొలిమేరల్లో ఒక వాటర్ పార్కు రిసార్టులో రెండు రాత్రులు ఉండి వచ్చాం. మా ఆయన, నేను, అత్తమ్మ, పదకొండేళ్ల బాబు, ఆరేళ్ల పాప. వచ్చి నాలుగు రోజులే అయింది, ఉతికిన బట్టల్లో ఇంకా క్లోరిన్ వాసన పోలేదు. రిసార్టు పేరు రాయను. జరిగిన తప్పుల్లో సగం మావే.

గది మాట్లాడేటప్పుడు ఫోన్లో అమ్మాయి, "సీపీనా, ఎంఏపీనా, ఏపీనా మేడమ్?" అని అడిగింది. హోటళ్ల వాళ్లకు ఇవి ఓనమాలు. ఈపీ అంటే యూరోపియన్ ప్లాన్, ఒట్టి గది. సీపీ అంటే కాంటినెంటల్ ప్లాన్, గదితో పాటు పొద్దున టిఫిన్. ఎంఏపీ అంటే మోడిఫైడ్ అమెరికన్ ప్లాన్, టిఫినూ ఒక పూట భోజనమూ. ఏపీ అంటే అమెరికన్ ప్లాన్, మూడు పూటలా తిండి. స్పీకర్ ఆన్‌లో ఉంది. అత్తమ్మ పప్పు ఏరుతూ అంతా విని, "మనం తెలంగాణోళ్లం గదా, ఏపీ ప్లాన్ మనకెందుకు బిడ్డా?" అంది. అందరం నవ్వాం. ఇప్పుడు ఆలోచిస్తే ఆ ఇంట్లో ఆ రోజు సరిగ్గా మాట్లాడింది ఆమె ఒక్కతే.

మా ఆయన ఏపీకే మొగ్గారు. "ముందే కట్టేస్తే టెన్షన్ ఉండదు, ప్రతి పూటా మెనూ కార్డులో కుడివైపు చూసుకుంటూ తినక్కర్లేదు" అని. టిఫిన్‌తో కలిపి గది రాత్రికి 7,200. దాని మీద మధ్యాహ్నం, రాత్రి భోజనాలకు పెద్దవాళ్లకు రోజుకు 1,150, ఐదు దాటి పన్నెండు లోపు పిల్లలకు 600. ముగ్గురు పెద్దలు, ఇద్దరు పిల్లలు, రెండు రోజులు, మొత్తం 9,300. ఇరవై భోజనాలన్న మాట. అక్కడే విడిగా బఫే తింటే పెద్దవాళ్లకు పూటకు 750, పిల్లలకు 400 అని చెప్పింది. ఆ లెక్కన 12,200 కావాలి. 2,900 మిగులు! నేను కూడా తలూపాను, ఎందుకు అబద్ధం.

డిసెంబర్ 26, శుక్రవారం: అవుటర్ మీద ఒక ఎగ్జిట్

చెక్ ఇన్ రోజు మధ్యాహ్నం భోజనమైనా తినొచ్చు, వెళ్లే రోజుదైనా తినొచ్చు, ఏదో ఒకటే అన్నారు. మేం మొదటిదే కోరుకున్నాం. ఒంటిగంటకల్లా చేరతామని లెక్క.

ఘట్‌కేసర్ దగ్గర అవుటర్ రింగ్ రోడ్డు ఎక్కేదాకా అంతా బాగానే ఉంది. బాబు ఫోన్లో మ్యాపు చూస్తూ దారి చెబుతున్నాడు. సరిగ్గా దిగాల్సిన చోట వాడికి ఏదో గేమ్ నోటిఫికేషన్ వచ్చింది. ఎగ్జిట్ దాటిపోయాం. 158 కిలోమీటర్ల ఆ రోడ్డు మీద వెనక్కి తిప్పుకునే వీలు ఎక్కడా లేదు. తర్వాతి ఎగ్జిట్ దాకా వెళ్లి, దిగి, ఊళ్ల మధ్య సర్వీసు రోడ్డు పట్టుకుని, ఒక కోళ్ల ఫారం ముందు ఆగి ఒక పెద్దాయనను దారి అడిగాం. ఆయన చేత్తో చూపించి ఊరుకోలేదు. బైకు తీసి కిలోమీటరు దూరం మా ముందు నడిపి, మలుపు దగ్గర ఆగి, "ఇగ సీదా పోండి" అని వెనక్కి తిరిగిపోయాడు. థ్యాంక్స్ చెప్పడానికి అద్దం దించేలోపు దుమ్ములో కలిసిపోయాడు.

రిసార్టు చేరేసరికి 2 గంటల 40 నిమిషాలు. భోజనం మూడింటికి బంద్. సామాను రిసెప్షన్‌లోనే పడేసి పరుగెత్తాం. అప్పటికి బిర్యానీ గిన్నెలో మసాలా ఆకులు, అడుగంటిన అన్నం మిగిలాయి. చికెన్ కూరలో పులుసు ఉంది, ముక్క లేదు. స్వీట్ల దగ్గర పళ్లెం తుడిచేస్తున్నారు. వడ్డించే కుర్రాడు మా మొహాలు చూసి లోపలికెళ్లి ఐదు వేడి రొట్టెలు, కొంచెం పప్పు తెచ్చిపెట్టాడు. ఎవరూ చెప్పకుండానే. అత్తమ్మ అతని తల మీద చెయ్యి పెట్టినంత పని చేసింది. కూపన్లు మాత్రం ఐదూ చింపేసుకున్నారు. మధ్యాహ్నానికి పచ్చ కూపన్లు, రాత్రికి ఎర్రవి, ఒక్కో దాని మీద ఆ రోజు తేదీ ముద్ర.

రాత్రి భోజనం గురించి మాత్రం వంక పెట్టను. బగారన్నం, దాల్చా, గోంగూర మటన్, పచ్చిపులుసు కూడా పెట్టారు. రిసార్టు బఫేలో పచ్చిపులుసు చూస్తానని నేనైతే అనుకోలేదు. బయట పచ్చికలో పొయ్యి పెట్టి ఒకావిడ జొన్నరొట్టెలు చేస్తోంది. ఆమెను చూస్తూ ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. పీట మీద పిండి ముద్ద పెట్టి అరచేత్తో తడుతుంటే అది తనంతట తానే గుండ్రంగా తిరుగుతూ పెద్దదవుతోంది. అంచు చీలితే బొటనవేలితో ఒక్క నొక్కు. రెండు చేతులతో ఎత్తి పెనం మీద వేసి, తడిగుడ్డతో పైన తుడిచి, తిప్పి, ఆ తర్వాత నేరుగా నిప్పుల మీదకు తోసేసరికి బూరెలా పొంగింది. "ఇంకోటి వెయ్యనా అక్కా?" అంది. నేను మూడు తిన్నాను. ఇంట్లో ఒకటిన్నర దాటను. రోజుకు ఎన్ని చేస్తావమ్మా అంటే, "లెక్క పెడితే చెయ్యి ఆగుతది అక్కా" అని నవ్వింది. నోట్‌బుక్కు పర్సులోనే ఉండిపోయింది ఆ పూట.

మా ఆయన మాత్రం లెక్క వదల్లేదు. అన్నేళ్లు నన్ను వెక్కిరించిన మనిషి, "కట్టాం కదా, గిట్టుబాటు కావాలి" అంటూ మూడోసారి ప్లేటు పట్టుకుని లేచారు. బాబు గులాబ్ జామూన్లు ఆరు. పాప పెరుగన్నం తప్ప ఏదీ ముట్టలేదు. ఆ పెరుగన్నం 300 రూపాయల కూపన్. అర్ధరాత్రి తండ్రీకొడుకులిద్దరూ లేచి కూర్చున్నారు. రిసెప్షన్‌కు ఫోన్ చేసి గ్యాస్ మాత్రలు తెప్పించాం.

ఇంకో మాట. కూర్చోగానే బల్ల మీద మూడు నీళ్ల సీసాలు పెట్టి మూతలు తీసేశారు. అవి ప్లాన్‌లో లేవు. సీసా 60 చొప్పున 180 గది బిల్లులో చేరింది. మర్నాటి నుంచి అత్తమ్మ కూర్చోకముందే, "మామూలు నీళ్లు బాబూ, జగ్గుతో తే" అనడం మొదలుపెట్టింది. తెచ్చారు, మారు మాట్లాడకుండా.

డిసెంబర్ 27, శనివారం: ఒక్కపొద్దు

మేం మరిచిపోయిన అసలు సంగతి ఇది. అత్తమ్మకు శనివారం ఒక్కపొద్దు. వేంకటేశ్వరస్వామి పేరు మీద ముప్ఫై ఏళ్లుగా చేస్తోంది. మధ్యాహ్నం ఒక్కపూటే భోజనం, రాత్రికి ఏదైనా పలారం. పైగా ధనుర్మాసం. ఆ మనిషికి శనివారం రాత్రి బఫేకు 575 కట్టి పెట్టాం! కొడుకుకు గుర్తు లేదు, కోడలికి గుర్తు రాలేదు. ఆమె ఏమీ అనలేదు. "పోనీలే, మీరు తినుండ్రి" అంది. ఏమైనా అన్నా బాగుండేది.

పొద్దున టిఫిన్ దగ్గర దోశ కౌంటర్‌కు ఇరవై మంది లైను. మా ముందు కుటుంబం వాళ్లు ఇడ్లీలు, వడలు టిష్యూ కాగితాల్లో చుట్టి హ్యాండ్‌బ్యాగుల్లో సర్దుతున్నారు. వాళ్లది టిఫిన్ మాత్రమే ఉన్న గదట. మధ్యాహ్నం ఖర్చు తప్పించుకునే ఏర్పాటు. ఆ ఇల్లాలు నన్ను చూసి కొంచెం సిగ్గుపడి, "పిల్లలకండీ" అంది. నేను నవ్వాను. ఎవరి ప్లాన్ వాళ్లది.

కానీ పార్కు గేటు దగ్గర అందరి బ్యాగులూ తెరుస్తున్నారు. బయటి తిండి లోపలికి పోదు. వాళ్ల ఇడ్లీల సంగతేమైందో చూడలేదు, మా సంచిలో మా గుట్టు బయటపడింది. అత్తమ్మ ఇంటి దగ్గర్నుంచి స్టీలు డబ్బా నిండా సకినాలు తెచ్చింది, సంక్రాంతికి ఇంకా రెండు వారాల పైనే ఉండగా. గేటు దగ్గర సెక్యూరిటీ అమ్మాయి మూత తీసి ఒక్క క్షణం ఆగింది. "అమ్మమ్మా, ఇవి మా ఇంటి సకినాల లెక్కనే ఉన్నయి" అంది. అత్తమ్మ ఒకటి తీసి ఇచ్చింది. అమ్మాయి అటూ ఇటూ చూసి నోట్లో వేసుకుని, డబ్బా లోపల పెట్టి, 47 నంబరు టోకెన్ ఇచ్చింది. రూలు రూలే.

డిసెంబరు ఎండ పైన వెచ్చగా ఉంది కానీ నీళ్లు మాత్రం జిల్లుమన్నాయి. పదకొండింటికి పార్కు తెరిస్తే, పన్నెండుంబావుకల్లా పిల్లలిద్దరూ పెదవులు నీలంగా, పళ్లు టకటకలాడిస్తూ వచ్చి "ఆకలి" అన్నారు. చన్నీళ్లలో గంట ఆడిన పిల్లల ఆకలి కూపన్ టైముకు ఆగదని నాకు అప్పుడే తెలిసింది. మా పచ్చ కూపన్ చెల్లేది హోటల్ రెస్టారెంటులో, ఒంటిగంట నుంచి మూడు దాకా. పార్కు లోపలి స్టాళ్లలో చెల్లదు. రెస్టారెంటు పార్కుకు అవతలి కొసన ఉంది, అక్కడికి తడి బట్టలతో రానివ్వరు. అంటే లాకర్ దగ్గర లైను, బట్టలు మార్చడం, ముద్ర వేయించుకుని బయటికి పోవడం, తిని వచ్చి మళ్లీ తడి బట్టలు తొడుక్కోవడం. చలికాలంలో తడి స్విమ్మింగ్ బట్టలు రెండోసారి తొడుక్కోమంటే ఏ పిల్లాడు ఒప్పుకుంటాడు? వేడి నూడుల్సు, ఉడికించిన మొక్కజొన్న గింజలు, సమోసాలు, రెండు టీలు, 860 అయింది. పిల్లలు కడుపు నిండి మళ్లీ నీళ్లలోకి ఉరికారు. వాళ్లను వదిలి నేను కదల్లేను. మూడు పచ్చ కూపన్లు అలా పోయాయి.

మా ఆయన, గట్టు మీద కూర్చున్న అత్తమ్మ మాత్రం భోజనానికి బయల్దేరారు. అప్పుడు తెలిసింది, కూపన్లన్నీ మా ఆయన నిక్కరు జేబులో ఉన్నాయని. ఆ నిక్కరుతోనే ఆయన అలల కొలనులో గంటసేపు ఉన్నారు. బయటికి తీస్తే పచ్చా ఎరుపూ కలిసి ఒక ముద్ద. రెస్టారెంటు ముందు ఆ ముద్దను అరచేతిలో పెట్టుకుని నిలబడ్డారట, తీర్థం పట్టుకున్నట్టు. కౌంటర్ దగ్గర నెరిసిన మీసాల పెద్దాయన కళ్లజోడు సర్దుకుని, ఆ ముద్దను ఒక స్పూను కాడతో పొరలు పొరలుగా విడదీసి, రిజిస్టరు మీద ఒక్కొక్కటీ పరిచి, పైన పేపర్ న్యాప్‌కిన్ అద్దాడట. తేదీ కనిపించేదాకా ఓపిగ్గా ఊదాడట. "నెలకు నలుగురైదుగురు ఇట్ల తెస్తరు సార్" అన్నాడని మా ఆయన చెప్పారు. మరి చేతికి వేసే ప్లాస్టిక్ పట్టీ మీదనే ముద్ర వేస్తే పోదా? నీళ్ల పార్కులో కాగితం కూపను! ఇలాంటివి ఎవరు ఆలోచిస్తారో.

ఎండిన కూపన్లు వెనక్కి తెచ్చుకోవడానికి సాయంత్రం నేనే వెళ్లాను. మధ్యాహ్నం వాడని మూడూ రేపు మధ్యాహ్నం వాడుకోవచ్చా అని అడిగాను. "ఏ రోజుది ఆ రోజేనమ్మా" అన్నాడు పెద్దాయన, తనకే బాధగా ఉన్నట్టు.

రాత్రి భోజనం ఎనిమిదింటికి. పాప ఏడున్నరకే నిద్రపోయింది, లేపితే ఏడుపు. నేను వెళ్లి గబగబా తిని వస్తే, మా ఆయన, బాబు వెళ్లారు. అత్తమ్మ పలారం కోసం ఉప్మా చేయించమన్నాం. అది బఫేలో లేదు కాబట్టి విడిగా 180. ఆమె ఎర్ర కూపన్ కింద కొట్టేయండి అంటే వీలు కాదన్నారు. ఉప్మా వచ్చేసరికి తొమ్మిదిన్నర. కరివేపాకు, అల్లం వేసి శ్రద్ధగా చేశారు, అది ఒప్పుకోవాలి. అత్తమ్మ సగం తిని గిన్నె మూతపెట్టి, "సకినాలు తెచ్చినవా?" అని అడిగింది. 47 నంబరు టోకెన్ ఇచ్చి డబ్బా సాయంత్రమే తెచ్చుకున్నాం. ఆమె రెండు, నేను నాలుగు.

పడుకునే ముందు నోట్‌బుక్కు తీశాను. వాడని కూపన్లు ఐదు. నావి, పిల్లలవి మధ్యాహ్నానివి మూడు, అత్తమ్మది, పాపది రాత్రివి రెండు. 2,050 రూపాయలు. నీళ్లు, నూడుల్సు, ఉప్మా కలిపి పైన పెట్టింది 1,220. తిన్న పదిహేను భోజనాలను బోర్డు మీద ధరతో గుణిస్తే 9,500. మేం కట్టింది 9,300. రెండు వందలు లాభమేగా అని మా ఆయన దుప్పట్లోంచి అన్నారు. శుక్రవారం మధ్యాహ్నం మిగులూ తగులూ తిన్నది కూడా అందులో 3,050 అని వేసుకుంటే లాభమే మరి. బోర్డు మీద రాసిన ధరను చూసి లాభం అనుకోవడమే ఇందులో కిటుకు. ప్లాన్ లేకపోతే ఆ 750 బఫే మేం పూటపూటా తినేవాళ్లమా? ఒక పూట తింటాం, రొట్టెల ఆవిడ కోసం. మిగతా పూటలు గేటు అవతల రోడ్డు మీద మెస్సులే.

డిసెంబర్ 28, ఆదివారం: 18 శాతం, కోఠి, ఒక మగ్గు

చెక్ అవుట్ దగ్గర బిల్లు చూసి నాకు నిద్ర మత్తు వదిలింది. గదీ భోజనాలూ కలిపి ఒకే వరుసలో వేశారు, రాత్రికి 11,850. దాని మీద జీఎస్టీ 18 శాతం. రెండు రాత్రులకు పన్నే 4,266. రోజూ ఎరువుల మీద, పురుగు మందుల మీద పన్ను శాతాలు రాసే దాన్ని, ఇది ముందే అడగాలన్న బుద్ధి లేకపోయింది. గది అద్దె రోజుకు 7,500 దాటకపోతే 5 శాతమే, దాటితే 18. 2025 సెప్టెంబర్ 22 నుంచి అదీ లెక్క, అంతకు ముందు కింది శ్లాబు 12 ఉండేది. మా గది 7,200. విడిగా ఉంటే 5 శాతంలో పడేది. భోజనాలు కలిపి ఒకే ప్యాకేజీ చేసేసరికి గీత దాటింది. భోజనం మీద పన్ను ఎంతైనా కానీ, ఒక్క గది అద్దె మీదే 13 శాతం ఎక్కువ, అంటే 1,872 రూపాయలు. ఇందులో రిసార్టు చేసిన మోసం ఏమీ లేదు, రశీదు పక్కాగా ఉంది. భోజనం ప్లాన్ తీసుకునే ముందు "పన్నులతో కలిపి ఎంత?" అనే ఒక్క ప్రశ్న వేయకపోవడం నా తప్పు. మా ఆయన రాత్రి అన్న రెండు వందల లాభం గురించి నేనేమీ గుర్తు చేయలేదు. ఆయనే బిల్లు మడిచి నా చేతికిచ్చి, "రాసుకో" అన్నారు.

నగరంలోకి వచ్చేసరికి మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. కోఠిలో వన్‌వేలు మారి మారి ఒకే పుస్తకాల షాపు ముందు నుంచి మూడుసార్లు తిరిగాం. మూడోసారి ఆ షాపాయన చెయ్యి ఊపాడు. పార్కింగ్‌లో కారు పెట్టి, సందులో ఒక మెస్సుకు వెళ్లాం. పేరు బోర్డు కూడా సగం రాలిపోయింది. ప్లేటు 120, పాపకు విడిగా ప్లేటు వద్దని వాళ్లే అన్నారు, "మీ పళ్లెంలోనే తింటదిలే" అని. స్టీలు బకెట్టుతో అన్నం, ముద్దపప్పు, దొండకాయ వేపుడు, సాంబారు, ఆవకాయ, గడ్డ పెరుగు. వడ్డించే ఆయన ఒంటికాలి మీద తిరిగినట్టు తిరుగుతూ, మన కళ్లలోకి చూడకుండా కేవలం పళ్లెం చూసి ఏది తగ్గిందో తెచ్చేస్తాడు. అత్తమ్మ పప్పులో నెయ్యి వేయమంది. వేసి, ఇంకో చెంచా వేశాడు. నలుగురికి 480. పక్క బల్ల మీద కుర్రాళ్లు పరీక్షలకు చదువుతున్నట్టుంది, అన్నం కలుపుతూనే నోట్సు తిప్పుతున్నారు.

ఇదే నగరంలో 2014 నుంచి నగరపాలక సంస్థ క్యాంటీన్లలో 5 రూపాయలకు భోజనం పెడుతున్నారు. మా పాప 300 కూపన్ పెరుగన్నం ఎన్ని ప్లేట్లకు సమానమో బాబు టక్కున చెప్పాడు, అరవై అని. వాడికి లెక్కలు నా పోలికే.

ఆటోలో మొజంజాహీ మార్కెట్‌కు వెళ్లాం. 1935లో కట్టిన రాతి కట్టడం, గడియారం గోపురం, చుట్టూ వంపు తిరిగిన వరండాలు. నిజాం రెండో కొడుకు పేరు పెట్టారు. అక్కడ ఫేమస్ ఐస్‌క్రీమ్‌లో సీతాఫలం ఐస్‌క్రీమ్ తిన్నాం. సీతాఫలం సీజను అయిపోయే రోజులు. ప్లాస్టిక్ కుర్చీలు, ముక్కాలి బల్ల, పావురాలు. అత్తమ్మ గుజ్జులో గింజ ఉందేమోనని నాలుకతో వెతుక్కుంటూ తిన్నది. చార్మినార్ దాకా పోదామని పిల్లలు గొడవ చేశారు కానీ ఆదివారం సాయంత్రం ఆ రద్దీలో అత్తమ్మ మోకాళ్లు ఒప్పుకోవు. వాయిదా వేశాం.

సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో వదిన వాళ్లింటికి వెళ్లాం. మా ఆయనకు అక్క. "ఊళ్లకొచ్చి మెస్సుల తింటరా? నేను సచ్చిన్ననుకున్నరా?" అని గుమ్మంలోనే తిట్లు. రాత్రి భోజనం చేసే కదులుతామని ప్రమాణం చేస్తే గానీ చల్లబడలేదు.

వంటింట్లో స్టవ్ పక్కన మూతున్న ఒక ప్లాస్టిక్ మగ్గు, మీద చెవుల ఎలుక బొమ్మ. అందులో గరిటెలు, అట్లకాడ, ఒక పూరీ కర్ర. అదేంటి వదినా అంటే కథ మొదలైంది. 2024 వేసవిలో కొడుకు దగ్గరికి అమెరికా వెళ్లినప్పుడు ఫ్లోరిడాలో డిస్నీ వరల్డ్ తీసుకెళ్లాడు. అక్కడా ఇదే బాగోతం, డైనింగ్ ప్లాన్ అంటారు. 2005లో పెట్టారు, కరోనాతో 2020లో ఆపేశారు, 2024 జనవరి 9న మళ్లీ మొదలుపెట్టారు. వదిన వాళ్లు వెళ్లింది అది మళ్లీ వచ్చిన కొత్తల్లోనే. ఆ ఏడు ధర పెద్దవాళ్లకు రాత్రికి 94.28 డాలర్లు. అంత వద్దంటే కౌంటర్ దగ్గర తీసుకుని తినే తిండి వరకు ఇంకో ప్లాన్ 57.01 డాలర్లకు. గదిలో మూడేళ్లు దాటిన అందరికీ కొనాల్సిందే, ఒకరికి కొని ఇంకొకరిని వదిలేయడం కుదరదు. పెద్ద ప్లాన్‌లో ఒక్కొక్కరికి రాత్రికి కూర్చుని తినే భోజనం ఒకటి, కౌంటర్ భోజనం ఒకటి, చిరుతిండి ఒకటి. దాంతో పాటు ఈ మగ్గు, రిసార్టులో ఎన్నిసార్లైనా కూల్‌డ్రింక్ నింపుకోవచ్చు.

"నాకు కూల్‌డ్రింక్ పడదు, మీ అన్నయ్యకు షుగరు. ఇద్దరం రెండు మగ్గులల్ల మంచినీళ్లు తాగినం" అంది వదిన. పెద్దవాళ్లు భోజనంతో పాటు బీరో కాక్‌టెయిలో తీసుకున్నా ఆ ప్లాన్‌లోనే చెల్లుతుందట. తాగేవాళ్లకు అక్కడే గిట్టుబాటు అవుతుంది. వీళ్లు పాలకూర, ఉడికించిన కూరగాయలు, నీళ్లు. టిప్పు ప్లాన్‌లో రాదు, విడిగా ఇవ్వాలి. కొన్ని పెద్ద హోటళ్లలో ఒక్క భోజనానికి రెండు క్రెడిట్లు, అంటే మన లెక్కలో రెండు కూపన్లు, కోసుకుంటారు.

ఒక్క విషయంలో మాత్రం వాళ్లే నయం అనిపించింది. అక్కడ క్రెడిట్లన్నీ ఒకే ఖాతాలో ఉంటాయి. ఈ రోజు తినకపోతే రేపు తినొచ్చు, చెక్ అవుట్ రోజు అర్ధరాత్రి దాకా గడువు. తేదీ ముద్ర గొడవ లేదు, తడిసే కాగితం లేదు. ఆఖరి రోజు మిగిలిన చిరుతిండి క్రెడిట్లకు వాళ్లబ్బాయి బిస్కెట్లు, చాక్లెట్లు తీసుకుని సూట్‌కేసులో కుక్కాడట. "అవే ఇక్కడందరికీ పంచిన, ఫారిన్ చాక్లెట్లని సంబరపడ్డరు" అని నవ్వింది. మా ఇంటికి వచ్చినవీ అవే అయ్యుండాలి.

"మరి లాభమా, నష్టమా వదినా?" అన్నాను, నోట్‌బుక్కు తీసి.

"బిల్లు నా కొడుకు కట్టిండు, నాకేం తెలుసు? నాకైతే మగ్గు మిగిలింది" అని పూరీ కర్ర లాగి పిండి ముందేసుకుంది.

పూరీలు ఒత్తుతూ ఆమే అంది, ఈసారి పిల్లలతో నీళ్ల పార్కుకు పోతే ఎంఏపీ తీసుకొమ్మని. మధ్యాహ్నం ఎట్లాగూ నీళ్లలోనే ఉంటారు, రాత్రి మాత్రం పిల్లలతో బయట హోటల్ వెతుక్కునే ఓపిక ఉండదు. నేను లోలోపల అంత కూడా వద్దనుకున్నాను. టిఫిన్ ఉన్న గది తీసుకుని, నచ్చిన రోజు బఫేకు 750 ఇచ్చి తింటే చాలు. గది 7,500 లోపు ఉంటుంది, శనివారాలు అత్తమ్మకు ఉప్మా ఒక్కటే బిల్లు పడుతుంది. అలా చేస్తే మొన్న ఎంతయ్యేదో వేసి చూశాను. మా ఆయన పక్కన కూర్చుని కూడికలు సరిచూశారు, మొదటిసారి.

తొమ్మిదింటికి బయల్దేరాం. వదిన పూరీలు, ఆలుగడ్డ కూర కడుపు నిండా పెట్టింది, దారికి ఇంకో పొట్లం కట్టబోతే అత్తమ్మ వద్దంది. ఉప్పల్ దాటేసరికి పాప నిద్ర. భువనగిరి దగ్గర బాబు వెనక సీట్లోంచి ఆకలంటున్నాడు. రోడ్డు పక్క దాబాలు లైట్లు వేసుకుని ఉన్నాయి, మా ఆయన బ్రేకు మీద కాలు పెట్టారు కూడా. "ఆగకురా, డబ్బా ఉండె గదా" అని అత్తమ్మ కాళ్ల దగ్గర్నుంచి స్టీలు డబ్బా తీసి ముందుకు అందించింది. ఆలేరు దాటేసరికి అడుగున నువ్వులు, రెండు విరిగిన ముక్కలు మిగిలాయి.